మనుమరాలి నోటుపుస్తకం, నా ఎర్రకలం

ఈ టపా వ్రాయాలా వద్దా అని చాలాకాలం తటపటాయించాను. ఇందులో నా తప్పు ఒకటి ఉన్నది. పదవీవిరమణ చేసిన తెలుగు పండితునికి తప్పులు దిద్దడం అలవాటేగాని ఒప్పుకోవడం అంత సులభంగా అబ్బదు.

ముప్పై యేళ్ళకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పాను. సెలవుల తరువాత బడి తెరవగానే పిల్లలచేత వ్రాయించే మొదటి వ్యాసం 'నేను చేసిన విహారయాత్ర'. దానికి నా దగ్గర ఒక అచ్చు ఉండేది. ఉపోద్ఘాతం, ప్రయాణ సన్నాహం, దర్శనీయ స్థలాలు, ప్రకృతి వర్ణన, యాత్రవల్ల కలిగిన లాభాలు, ఉపసంహారం. ఈ అచ్చులో ఒదిగిన వ్యాసానికి పదికి ఎనిమిది. అమ్మమ్మగారి ఊరు తప్ప మరో ఊరు ఎరుగని పిల్లలు సైతం తిరుమల కొండ ఎక్కి, ప్రకృతిని చూచి పరవశించి, జ్ఞానం పెంపొందించుకొని దిగివచ్చేవారు. వాళ్ళు వెళ్ళలేదని నాకు తెలుసు. నాకు తెలుసునని వాళ్ళకూ తెలుసు. అయినా ఎనిమిది మార్కులే!

2023 దసరా సెలవులలో మా అబ్బాయి కుటుంబంతో కలిసి నేపాలు వెళ్ళాను. మా ఆవిడ మోకాళ్ళ నొప్పులవల్ల రానన్నది. పశుపతినాథుని దర్శనం నా కోరిక. మిగిలినదంతా, అబ్బాయి మాటల్లో, 'పిల్లలకోసం అడ్వెంచర్ ట్రిప్'. నదిలో రబ్బరు పడవ, అడవిలో జీపు, కొండమీదినుండి గొడుగు కట్టుకొని ఎగరడం. మనుమరాలికి అప్పటికి పన్నెండేళ్ళు, మనుమడికి ఎనిమిది. బయలుదేరేముందు పిల్లదానికి ఒక నోటుపుస్తకం కొనిచ్చి, "రోజూ చూచినదల్లా వ్రాయి తల్లీ, తిరిగివచ్చాక నేను చూస్తాను" అన్నాను. ఆ 'చూస్తాను' అన్న మాటలోనే ఉన్నది పొరపాటంతా.

ఖాట్మండులో విమానం దిగగానే మనుమణ్ణి పట్టుకొన్నది ఆలయమూ కాదు, హిమాలయమూ కాదు, గోడగడియారం. మనకంటే పదిహేను నిమిషాలు ముందు. "గంట తేడా అంటే సరే. ఈ పావుగంట ఎవరు పెట్టారు తాతయ్యా?" అని పట్టుబట్టాడు. మన దేశకాలం కాకినాడ సమీపంగా వెళ్ళే ఎనభై రెండున్నర డిగ్రీల రేఖాంశాన్నిబట్టి. వాళ్ళది గౌరీశంకర శిఖరం మీదుగా పోయే ఎనభై ఆరుంబావు డిగ్రీల రేఖాంశాన్నిబట్టి. డిగ్రీకి నాలుగు నిమిషాలు, మూడుముప్పావు డిగ్రీలకు పదిహేను. నేపాలు 1986లో ఈ లెక్క స్వీకరించింది. ఇంత చెబితే వాడికి మిగిలినది ఒక్కటే. "అయితే మనం కాకినాడనుంచి గౌరీశంకరానికి వచ్చామన్నమాట." నేను లెక్కనే చెప్పాను. యాత్ర చేసినవాడు వాడే.

మరునాడు దుకాణంలో క్యాలెండరు చూచి ఇంకో గందరగోళం. అక్కడ అధికారికంగా విక్రమశకం. ఆ ఆశ్వయుజానికి 2080. మన పంచాంగంలో శాలివాహన శకం కాబట్టి 1945. విక్రమార్కుని కథా, శాలివాహనుని కథా చెప్పడానికి ఉత్సాహంగా గొంతు సవరించుకొన్నాను. వాడికి కథ అక్కరలేదు. నేను పుట్టిన 1957 అక్కడి లెక్కలో ఎంతో చెప్పమన్నాడు. 2014 అన్నాను. వాడు పుట్టినది, మన లెక్కలో, 2015. "తాతయ్య నాకంటే ఒక్క యేడే పెద్ద" అని హోటలంతా చాటాడు. రెండు శకాలను కలపకూడదురా అని నేనంటూనే ఉన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, వాడు నాతో ఆడుకోవడానికి దారి వెదుకుతున్నాడనీ, ఆ దారిని నేను వ్యాకరణంతో మూసే ప్రయత్నం చేశాననీ అనిపిస్తున్నది.

చిత్వన్ అడవిలో జీపు ఎక్కాం. 1973లో ఏర్పడిన జాతీయ వనం అది. ఒంటికొమ్ము ఖడ్గమృగాలు 2021 లెక్కల ప్రకారం నేపాలు మొత్తంమీద 752 ఉంటే, అందులో 694 అక్కడే ఉన్నాయి. రెంటిని చూశాం. ఏనుగు గడ్డిలో సగం మునిగి, కవచం తొడిగిన రాతిబండల్లా నిలబడి ఉన్నాయి. పిల్లవాడు వాటిని చూచి కాసేపు మౌనంగా ఉండిపోయాడు. వాణ్ణి నిజంగా కదిలించింది మాత్రం వాటి పేడకుప్ప. ఖడ్గమృగాలు ఒకేచోటికి వచ్చి మరీ పేడ వేస్తాయని, ఒకటి వేసినచోటే మరొకటి వేస్తుందని గైడు చెప్పాడు. తిన్న పండ్లగింజలు ఆ కుప్పలలో మొలకెత్తి చెట్లవుతాయట. వాడు ఊరు వచ్చాక ఇంటికి వచ్చినవారందరికీ నేపాలు గూర్చి చెప్పిన మొదటి సంగతి ఇదే. మా వియ్యపురాలు ముక్కు మూసుకొన్నది. నా తరగతిలో ఈ విషయం ఎవడైనా వ్యాసంలో వ్రాసి ఉంటే 'అసభ్యం' అని ప్రక్కన వ్రాసి ఉండేవాణ్ణి. కాని చూడండి, అడవి ఎట్లా పెరుగుతుందో ఆ ఒక్క కుప్పలో ఉన్నది. నేను వర్ణించిన 'పచ్చని చెట్లు, కిలకిలారావాలు' ఏ అడవికైనా అతుకుతాయి.

ఇక త్రిశూలీ నది. శివుడు త్రిశూలంతో పొడిస్తే గోసాయికుండం దగ్గర పుట్టిందని కథ. అది పోయి గండకీ నదీవ్యవస్థలో కలుస్తుంది. ఆ కాళీగండకిలోనే కదా మన పూజాపీఠాల మీది సాలగ్రామాలు దొరికేది. ఇదంతా దారిపొడుగునా పిల్లలకు చెప్పాను. మనుమరాలు నోటుపుస్తకంలో దీన్ని గూర్చి వ్రాసినది రెండు వాక్యాలు. 'తాతయ్య నది కథ చెప్పారు. ఆయన చెబుతున్నంతసేపూ డ్రైవరు తన పాటలు ఆపేసుకొన్నాడు, పాపం.'

పడవలో అబ్బాయి, కోడలు, మనుమరాలు వెళ్ళారు. వయసు చాలదని మనుమణ్ణీ, వయసు మించిందని నన్నూ జీపులో కూర్చోబెట్టారు. రహదారి నది వెంబడే పోతుంది కనుక పైనుండి కనిపిస్తూనే ఉన్నారు. అందరికీ ఒకే రంగు హెల్మెట్లు, ఒకే రంగు జాకెట్లు. "అమ్మ ఏదో తెలియడంలేదు తాతయ్యా" అని పిల్లవాడు నా చెయ్యి పట్టుకొన్నాడు. ఒకచోట పడవ ముక్కు పైకి లేచి, తెల్లని నురుగులో కనబడకుండా పోయి, మళ్ళీ తేలింది. నా గుండె కూడా జారింది. వ్రాయలేదంతే.

మనుమరాలు వ్రాసింది. ఊరికి వచ్చాక నోటుపుస్తకం తెచ్చి నా చేతికి ఇచ్చింది. అందులో ఇట్లా ఉన్నది: 'నాన్న నా చేయి పట్టుకొన్నాడు. నన్ను కాపాడటానికి అనుకొన్నాను. కాని నాన్న చేయి వణుకుతున్నది. నాన్నకు భయం వేస్తుందని నాకు తెలియదు. అప్పటినుంచి నాకు భయం పోయింది. ఎందుకో తెలియదు.'

చదివాను. ఎర్రకలం తీశాను. 'తండ్రిని గూర్చి ఇట్లా వ్రాయరాదు' అని అంచున వ్రాసి, ఆ నాలుగైదు వాక్యాలమీద అడ్డగీత కొట్టాను. 'వేస్తుందని' కాదు, 'వేస్తుందన్న సంగతి' అని కూడా దిద్దాను! క్రింద 'నేపాలు ప్రకృతి సౌందర్యం గూర్చి వ్రాయి' అన్నాను.

వ్రాసింది. రెండు రోజుల్లో రెండు పుటల వ్యాసం. 'నేపాలు హిమాలయ సానువులలో నెలకొన్న సుందర దేశం' అని మొదలై, 'ఈ యాత్రవల్ల నా జ్ఞానం పెంపొందినది' అని ముగిసింది. ఒక్క అక్షరదోషం లేదు. ఇంటికి వచ్చిన ఇద్దరు పాత సహోద్యోగులకు చదివి వినిపించి మెచ్చుకొన్నాను. పిల్లది నావైపు చూడలేదు. ఆ నోటుపుస్తకం మళ్ళీ నా చేతికి ఇవ్వలేదు.

చాలా వారాల తరువాత ఏదో మాటల్లో ఈ సంగతి అబ్బాయితో చెప్పాను, వాడు నొచ్చుకొంటాడేమోనని కొంచెం తేలికచేసి. వాడు కాసేపు ఊరుకొని, "అది వ్రాసినది నిజమే నాన్నగారూ. చిన్నప్పుడు కాలువలో పడ్డాను కదా, అప్పటినుంచి నీళ్ళంటే నాకు భయమే" అన్నాడు. వాడు కాలువలో పడిన రోజు నాకు జ్ఞాపకమున్నది. ఎవరో తీసి ఒడ్డున వేస్తే, బడినుండి పరుగెత్తుకొని వచ్చి, ముందు రెండు దెబ్బలు కొట్టాను. తరువాత జాగ్రత్తలు చెప్పాను. నీళ్ళలో ఏమనిపించిందిరా అని అడగలేదు. నలభై యేళ్ళ తరువాత ఆ సమాధానం ఒక నోటుపుస్తకంలో వచ్చింది. దాన్నీ కొట్టివేశాను.

పొఖరాలో జరిగినది దీనికి మరో ప్రక్క. సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న సరంగ్‌కోట్ కొండమీదినుండి కోడలూ మనుమరాలూ చెరొక పైలట్‌తో ఎగిరారు. యాత్రలో బాగా ఖర్చయినది దీనికే. క్రింద ఫేవా సరస్సు, ఎదురుగా 6,993 మీటర్ల మచ్ఛపుచ్ఛ్రే, చేపతోక ఆకారంలో ఉండే శిఖరం. పవిత్రమని దానిమీదికి ఎక్కనివ్వరు. దిగివచ్చిన పిల్లను "ఎట్లా ఉన్నదమ్మా పైన?" అని ఆత్రంగా అడిగాను. "వీడియో ఉంది తాతయ్యా, చూడండి" అన్నది. అంతే. నోటుపుస్తకంలోనూ ఒకే ముక్క: 'పారాగ్లైడింగ్ చేశాం. బాగుంది.' పైలట్ కర్రకు కట్టిన కెమెరా అంతా చూచిపెట్టింది కనుక పిల్ల చూడవలసిన పనిలేకపోయిందేమో. వీడియోలో ఆమె నవ్వుతూనే ఉన్నది. కెమెరా ఎదురుగా ఉంటే నవ్వక ఏం చేస్తుంది?

అదే సాయంత్రం ధంపుస్ ఊరి దారిలో ఒక ఊయల కనబడింది. నాలుగు పెద్ద వెదుళ్ళు పాతి, కొనలు ఒకచోట వంచి కట్టి, నడుమ త్రాళ్ళు వేలాడదీశారు. వాళ్ళ దశైం పండుగకు ఊరూరా వేస్తారు. ఆ పండుగనాళ్ళలో ఒక్కసారైనా కాళ్ళు నేలను విడవాలని నమ్మిక. మన అట్లతద్ది ఊయలే, కాకపోతే చెట్టుకొమ్మ బదులు వెదుళ్ళు. నాలుగు రోజులు పోతే మన ఊళ్ళలోనూ తద్దె. ఒక నేపాలీ అమ్మాయి మా పిల్లను కూర్చోబెట్టి ఊపింది. ఇద్దరికీ భాష కలవదు. ఆ అమ్మాయి 'ఏక్, దుయీ, తీన్' అని లెక్కపెట్టేది. ఇరవై దాకా వచ్చాక చోటు మార్చుకొనేవారు. ఈ ఊయలకు మనుమరాలి పుస్తకంలో మూడు పుటలున్నాయి. త్రాడు గరుకుదనం, వెదురు కిర్రుమనే చప్పుడు, ఆ అమ్మాయి చెప్పు తెగి ఉండటం, తన బూట్లు చూసుకొని సిగ్గుపడటం, అన్నీ ఉన్నాయి. అబ్బాయి నవ్వి, "ఇంత ఖర్చుపెట్టి ఎగిరిస్తే ఊయల గురించి వ్రాస్తుందేమిటి నాన్నగారూ!" అన్నాడు. ఆ మాటకు అప్పుడు నేనూ తల ఊపాను.

సాహసయాత్రలు వద్దని నా అభిప్రాయం కాదు. ఆ నదిలోకి వెళ్ళకపోతే మా పిల్లకు తండ్రి చేయి తెలిసేది కాదు. నేననేది వేరు. డబ్బు మనం పెడతాం కనుక, వాళ్ళకు ఏది గొప్పగా తోచాలో కూడా మనమే నిర్ణయించబోతాం. ఫలానా చోట ఆశ్చర్యపడాలి, ఫలానా చోట నేర్చుకోవాలి, రాగానే అత్తయ్యకు ఫోనులో చెప్పాలి. చెప్పకపోతే 'వీడికేం గుర్తులేదు, డబ్బు దండుగ' అంటాం. వాళ్ళకు అన్నీ గుర్తున్నాయి. మనం కొన్నవాటిలో లేవంతే.

మన సాహిత్యంలోనే ఉదాహరణ ఉండగా నేను పాఠం నేర్వలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుండి బయలుదేరి, 1831 దాకా తిరిగి, స్నేహితునికి లేఖలుగా వ్రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. దానిని నేటికీ ఎందుకు చదువుతున్నాం? ఏ మజిలీలో మంచినీళ్ళున్నాయి, ఏ దారి రాళ్ళదారి, ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, ఏమి దొరికింది, ఏమి దొరకలేదు, ఇటువంటివన్నీ ఓపికగా వ్రాశాడు కనుక. ఆయన నా తరగతిలో కూర్చొని వ్యాసం వ్రాసి ఉంటే ఆ అంగళ్ళన్నీ కొట్టివేసి, 'ప్రకృతి వర్ణన లోపించినది' అని ఐదు మార్కులు వేసి ఉండేవాణ్ణి. ఆ పుస్తకాన్ని వేదికలమీద పొగిడినవాణ్ణి కూడా నేనే.

క్రిందటి సంక్రాంతికి పిల్లలు వచ్చినప్పుడు మనుమరాలిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, "ఆ రోజు నేను కొట్టివేసినది తప్పమ్మా. అది మళ్ళీ వ్రాసిపెడతావా?" అని అడిగాను. పెద్దపిల్ల అయింది, గడుసుగా ఏదో అంటుందనుకొన్నాను. చాలా మర్యాదగా, "ఇప్పుడు వ్రాస్తే అట్లా రాదు తాతయ్యా" అన్నది. కొంచెం ఆగి, నాకు బాధ కలుగుతుందనుకొన్నదేమో, "మీరు కొట్టేసినా క్రింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయిలెండి" అన్నది. పుస్తకం మాత్రం తెచ్చి చూపలేదు. నేనూ అడగలేదు. పైన వ్రాసిన ఆ వాక్యాలు నా జ్ఞాపకంలోనివే. ఒకటి రెండు మాటలు అటూఇటూ కావచ్చు. వాటిని ఇక్కడ పెట్టవచ్చునా అని అడిగితే, "దిద్దకుండా పెడితే పెట్టుకోండి" అన్నది.

ఇక చిన్నవాడు నేపాలులో తిప్పుకొన్న చేతిగడియారాన్ని తిరిగివచ్చాక వెనక్కు త్రిప్పనివ్వలేదు. దానిలోని సెల్లు అయిపోయేదాకా, సుమారు యేడాదిపాటు, వాడు మా అందరికంటే పదిహేను నిమిషాలు ముందే ఉన్నాడు. బడి బస్సు ఒక్కనాడూ తప్పలేదట.