ఇంటిపేరు మారిన పురుగు

జంషెడ్‌పూర్ పక్కన దల్మా కొండల్లో సాల చెట్లు రాల్చిన ఆకు మనకి చెత్త. హెర్మినియినే అనే ఉపకుటుంబపు దీపపు పురుగుల పిల్లలకి చాలావరకు అలాంటి ఎండుటాకే అన్నం. కీటక శాస్త్రజ్ఞుడు హాంప్సన్ 1895లో వీటిని నాక్టుయిడే కుటుంబంలో కలిపాడు. తర్వాత కొందరు వేరు కాపురం పెట్టించారు. 2011-12 నాటి జన్యు పరిశీలనలు ఎరెబిడే కుటుంబంలోకి తెచ్చాయి. పేర్లు మార్చడం తప్ప ఈ శాస్త్రజ్ఞులకి పనేముందని విసుక్కునేవారితో నాకు పేచీ. మన వేరుశనగ చేలను బోడి చేసే ఎర్ర గొంగళి పురుగుదీ ఇప్పుడు ఇదే ఇంటిపేరు! రాలినాకు తినేదీ, పచ్చని చేను మేసేదీ దగ్గరి దాయాదులట. ఆ వరస తెలియని మనం మాత్రం పురుగంటే మందు కొడతాం, ఆకు రాలితే కుప్పపోసి తగలబెడతాం.