కవచధారిణి

వైజ్ఞానిక కల్పనా గాథలకు బొమ్మలు గీయు చిత్రకారులలో పలువురికి ఒక వింత అలవాటు కలదు. గ్రహాంతర యుద్ధమునకు పురుషుని పంపునపుడు ఆపాదమస్తకము ఉక్కుతో కప్పుదురు. స్త్రీని పంపునపుడు ఉదరమును కప్పక విడిచి, వక్షోజముల ఆకృతిని రేకుపై విడివిడిగా మలచుదురు. శత్రువు ఆమెతో పోరవలెనా, ఆమెను చూచుచు నిలువవలెనా? ఉరస్త్రాణము నడుమ ఉబ్బెత్తుగా నుండుటకు కారణమున్నది: తగిలిన కత్తిమొన ప్రక్కకు జారిపోవలెను. ఆ నడుమనే పల్లము చేసినచో మొన సరాసరి రొమ్ము ఎముకకే దారి తీయును. దీనిని అలంకారమనుటకంటె ఆత్మహత్య యనుట మేలు.

హైదరాబాదు పాతనగరములో, మూసీ యొడ్డున, సాలార్‌జంగ్ మ్యూజియము ఆయుధశాలలోని కవచములను చిత్రకళా విద్యార్థులు ఒకమారు శ్రద్ధగా చూతురు గాక! ఇనుప వలయములను ఒకదానిలో నొకటి గ్రుచ్చి యల్లిన కవచము దేహముతోపాటు వంగును, కత్తివ్రేటు నాపును. భారమంతయు భుజములపై పడకుండ నడుమునకు పట్టీ బిగింతురు. ఇందు ఆడు మగ భేదమునకు చోటేది? ఎదురు వచ్చునది బాణమా, గుండా, కిరణమా యనునదే చిత్రకారుడు ముందుగా తేల్చుకొనవలసిన సంగతి.

తుపాకుల కాలమున కవచమే వెనుకబడినది. నిజాం అలీఖాన్ అంతఃపురమునకు కావలి కాసిన జఫర్ పల్టన్ స్త్రీలు సిపాయి దుస్తులు ధరించి, తుపాకులు చేపట్టి, 1795లో ఖర్దా యుద్ధమునకు నడచిరి. నిజాం సేన ఓడినది. ఈ స్త్రీలు మాత్రము తక్కిన దళములకు తీసిపోలేదు.