పంట కావలికి తుపాకి ఎవరు కొనాలి?

తుంగభద్ర దాపున ఉన్న మాధవరం మొదలు ఆదోని, ఆలూరు నల్లరేగడి దాకా విత్తనం వేసిన నాటి నుంచి రైతు కంటికి కునుకు ఉండదు. పగలు జింకల మంద మొలకను మేస్తుంది. రాత్రి అడవి పంది వేరుశనగ చేనును తవ్విపోస్తుంది. మంచె, వడిసెల, డబ్బా మోత వీటికి పాతబడిపోయాయి. "ఒక తుపాకి ఉంటేనా!" అన్న మాట రచ్చకట్ట మీద పుట్టడం ఇందుకే. ఆ మాటలో పస ఎంతో లెక్క వేయవలసి ఉంది.

తుపాకులన్నీ ఒకటి కావు. అమెరికాలో వేటగాళ్లు అర మైలు దూరాన ఉన్న జంతువును కొట్టడానికి తమ కొలతలకు రైఫిలు చేయించుకుంటారు. మన దేశంలో .303 సైన్యపు తూటా కనుక పౌరులకు నిషిద్ధం. లైసెన్సుదారుకు దొరికేది ప్రభుత్వ ఆయుధ కర్మాగారం చేసే .315, అంటే ఎనిమిది మిల్లీమీటర్ల తూటా. గురి తప్పితే అది మైలు దాటి పోగలదు. గుట్ట అడ్డు లేని రేగడిలో, పక్క చేలో మరో రైతు కాపు ఉన్న చీకట్లో రైఫిలు పేల్చడం ప్రాణాలతో చెలగాటమే. ఇక 12 బోరు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లు చేస్తే, అందులో ఒక గుండు పట్టే గొట్టం అది. నలభై గజాలు దాటితే దాని దెబ్బలో బలం తగ్గుతుంది. పందికి అది చాలు. రైఫిలు తూటా అంత దూరం పోకపోవడమే దాని గుణం.

ఖర్చు తుపాకి ధరతో ఆగదు. 1959 ఆయుధాల చట్టం కింద దరఖాస్తు, పోలీసు విచారణ, శిక్షణ సర్టిఫికెట్టు, తాళం వేసి దాచే ఏర్పాటు, కర్నూలుకు తిరుగుళ్లు, తూటాలు, అయిదేళ్లకోసారి రెన్యూవలు. ఎన్నికలు వస్తే తుపాకి పోలీసు స్టేషనులో అప్పగించాలి. ఎన్నికలు పంట చూసుకుని రావు కదా!

ఇంతా చేసి తుపాకి ఇంటికి తెచ్చినా చంపే హక్కు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడేళ్లకు తగ్గని జైలు. పంది రెండవ షెడ్యూలు జంతువు. పంట పాడుచేస్తున్నా అధికారి రాతపూర్వక అనుమతి లేనిదే దాన్ని కాల్చరాదు.

ఇటు తుపాకి అందదు, అటు అనుమతి రాదు. అందుకే కొందరు చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెడుతున్నారు. ఖర్చు తక్కువే. కాని రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన పక్క రైతుకు ఆ తీగ కనపడదు. తెలుగునాట ఇలా పోయిన ప్రాణాలు ఒకటి రెండు కావు.

కేరళలో 2022లో పంటలు పాడుచేసే పందులను కాల్చడానికి ఉత్తర్వు ఇచ్చే అధికారాన్ని పంచాయతీ అధ్యక్షులకు ఇచ్చారు. కాల్చవలసింది లైసెన్సు ఉన్నవారు. 2016లో బీహారు మొకామాలో నీల్గాయిల బెడద తీర్చడానికి హైదరాబాదు నుంచి వేటగాణ్ణి పిలిపించారు. రెండు వందలకు పైగా జంతువులను కాల్చారు. ఈ రెండు చోట్లా ప్రతి రైతూ తుపాకి కొనవలసిన అవసరం రాలేదు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లోనూ మండలానికి ఇద్దరు ముగ్గురు శిక్షణ పొందిన వారిని, 12 బోరు తుపాకులతో, ప్రభుత్వ ఖర్చు మీద నియమించడం న్యాయం. వేరుశనగ ఊడ దిగక ముందే అనుమతులు చేతికి రావాలి. జింకల విషయంలో కాల్చడం ఎటూ కుదరదు కనుక కంచెకు సబ్సిడీ, మేసిన పంటకు అదే సీజనులో పరిహారం ఇవ్వవలసి ఉంటుంది. నష్టం అంచనాకు వచ్చే సిబ్బంది కోత అయిపోయాక వస్తే వారికి చేలో కనిపించేది మొదళ్లే.