కోటకు అనుమతి సరే, ఊరి పేరు మాటేమిటి?

కర్నూలు కొండారెడ్డి బురుజు అనగానే 2003లో వచ్చిన ‘ఒక్కడు’ సినిమాను తలచుకునేవారు నేటికీ ఉన్నారు. కడప జిల్లా గండికోటలో 2023లో కమల్ హాసన్ ‘ఇండియన్ 2’ చిత్రీకరణ జరిగింది. ఈ రెండు కట్టడాలూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవే. దర్శకుడు ఎంత పెద్దవాడైనా అక్కడ కెమెరా పెట్టాలంటే లైసెన్సు తీసుకోవలసిందే.

అందుకు 1959 నాటి నియమాలున్నాయి. పైకప్పు ఉన్న భాగం లోపల సినిమా తీయరాదు. కట్టడానికి హాని కలిగే పని చేయరాదు. చూడవచ్చిన ఇతరులకు అడ్డు రారాదు. మంచి షరతులే. అడవిలోనైతే అటవీ శాఖను, బెలుం గుహల్లోనైతే పర్యాటక సంస్థను, రోడ్డు ఆపాలంటే పోలీసులను అడగాలి. ఇన్ని గుమ్మాలు ఎక్కలేక సెట్ వేసుకునే నిర్మాతలూ ఉంటారు. ఆ ‘ఒక్కడు’ కోసమే చార్మినార్‌ను సెట్‌గా కట్టారు గదా! అనుమతులన్నీ ఒకేచోట, త్వరగా దొరకాలనే మేమూ కోరుతున్నాము. వానలు సరిగా పడని సీమలో పది రోజుల షూటింగ్ అంటే వంటవారికి, ఆటోవారికి, గుంపులో నిలబడే కుర్రాళ్లకు పది రోజుల కూలి.

అయితే రాయిని కాపాడే నియమం ఉంది గానీ ఊరి పేరును కాపాడే నియమం లేదు. 1999లో ‘సమరసింహారెడ్డి’ విజయం సాధించిన తరువాత తెర మీద సీమ అంటే వేటకొడవళ్లు, గాలిలోకి లేచే సుమోలు. ముఠా కక్షలు అబద్ధమని మేము అనము. వాటివల్ల భర్తలను పోగొట్టుకున్న విధవరాండ్రు మన మధ్యనే ఉన్నారు. వారి దుఃఖానికి మాత్రం సినిమాలో నిమిషం కూడా దొరకదు. పై ఊళ్లలో అద్దె ఇల్లు వెతుక్కునే మన పిల్లలను ‘కడపా? బాంబులున్నాయా?’ అని నవ్వుతూ అడుగుతారు.

అలాగని కథలను కూడా అధికారులే పరీక్షించాలని మేము కోరడం లేదు. ఈ రోజు సినిమా కథకు అధికారి సంతకం కావాలంటే, రేపు మన క్రిస్మస్ నాటికకూ కావలసి వస్తుంది.

కానీ కొన్నిచోట్ల అనుమతి ఇచ్చేది మనమే. పాత మిషను కాంపౌండులు, రాతి చర్చిలు సినిమావారికి నచ్చుతాయి. అక్కడ సంతకం పెట్టేది కలెక్టరు కాదు, సంఘ కమిటీయో డయాసిస్సో. పెద్దలారా, అద్దె ఎంత అన్నదానితోనే మాట ముగించకండి. ఏ దృశ్యం తీస్తారో కాగితం మీద అడిగి చదవండి. పాస్టరు గారిని నవ్వులపాలు చేసేదైతే, బలిపీఠం దగ్గర కత్తులు దూసేదైతే వద్దనండి. ఆదివారం ఆరాధనకు, సమాధుల తోటకు వచ్చేవారికి అడ్డు ఉండదని రాయించుకోండి. కుర్రాళ్లకు కూలి ఎంత, ఎప్పుడు ఇస్తారన్నదీ అందులోనే ఉండాలి. చర్చికి వచ్చిన డబ్బు లెక్కను మరుసటి ఆదివారమే సంఘం ముందు చదివి వినిపించండి.