పేరు మన ఊరిది, టీమ్ ఎవరిది?



షమీని హైదరాబాద్ టీమ్ లఖ్‌నవూకి ఇచ్చేసిందన్న ఖబర్ 2025 నవంబరులో వచ్చింది. అప్పట్నుంచీ జుమా తర్వాత మస్జిద్ బయట చెప్పులు వెతుక్కునే చోట, దావత్‌లో దస్తర్‌ఖాన్ పరిచేలోపు, ఒకటే మాట వింటున్నాను. "చూశావా భాయ్, మనోణ్ణి పంపించేశారు. సిరాజ్‌ని ముందే పోగొట్టుకున్నారు. వాళ్ళకి మనోళ్ళు అక్కర్లేదు."

నేను 2008 నుంచి హైదరాబాద్ ఫ్యాన్‌ని. డెక్కన్ చార్జర్స్ అన్నప్పుడూ నా టీమే, సన్‌రైజర్స్ అన్నాకా నా టీమే. ఆ టీమ్ మీద మనవాళ్ళకంటే నాకే ఎక్కువ కోపం ఉంది. అయినా ఈ 'మనోళ్ళ' లెక్క నాకు కబూల్ కాదు. షిక్వా నిజమైనదే. దాన్ని వేరే చిరునామాకి పంపిస్తున్నాం.

లెక్కే కావాలంటే సరే, హిసాబ్ తీద్దాం.

2021 టీమ్‌ని గుర్తు చేసుకోండి. రషీద్ ఖాన్, మహమ్మద్ నబీ, ముజీబ్, ఖలీల్ అహ్మద్, అబ్దుల్ సమద్, షహబాజ్ నదీమ్. ఆరుగురు! మజహబ్ లెక్కన చూస్తే అంతకంటే 'మన' టీమ్ ఎక్కడుంది? కానీ అదే ఏడాది వేలం ముగిశాక జట్టులో హైదరాబాద్ ఆటగాడు ఒక్కడూ లేడని అజహరుద్దీన్ బహిరంగంగానే బాధపడ్డారు. అప్పుడాయన హైదరాబాద్ క్రికెట్ సంఘం అధ్యక్షుడు. స్థానికులు లేకపోతే మ్యాచ్‌లు ఆడనివ్వమని ఎమ్మెల్యే దానం నాగేందర్ హెచ్చరించారు. ఆరుగురు ముసల్మాన్లున్న టీమ్‌లో హైదరాబాదీ ముసల్మాన్ లేడు, హైదరాబాదీ హిందువూ లేడు. మరి ఆ ఆరుగురితో ఓల్డ్ సిటీ గల్లీలో బంతి వేసుకుంటున్న బచ్చాకి ఏం దక్కింది?

ఇంకొకటి. 2024 నవంబరులో వేలం జిద్దాలో జరిగింది. సిరాజ్‌ని గుజరాత్ 12.25 కోట్లకు తీసుకుపోయింది. అదే వేలంలో హైదరాబాద్ టీమ్ 10 కోట్లు పెట్టి ఎవర్ని కొన్నది? మహమ్మద్ షమీని. తాఅస్సుబ్ ఉన్నవాడు పది కోట్లు ఎందుకు పెడతాడు భాయ్? షమీ అమ్రోహాలో పుట్టి, బెంగాల్‌కి రంజీ ఆడినవాడు. గొప్ప బౌలర్, అందులో షక్ లేదు. కానీ హైదరాబాద్ మీద అతనికి ఎంత హక్కుందో లఖ్‌నవూ మీదా అంతే. అతను వెళ్ళిపోతే అది ఒక వ్యాపారం. సిరాజ్ అలా కాదు. అబ్బా ఆటో నడిపి పెంచిన కొడుకు, టెన్నిస్ బంతితో హైదరాబాద్‌లోనే ఆట నేర్చుకున్నవాడు. 2017లో 2.6 కోట్లు పెట్టి ఈ టీమే కొంది. మరుసటి ఏడాదికే వదులుకుంది. 2018లో అదే 2.6 కోట్లకు బెంగళూరు పట్టుకుపోయి ఏడేళ్ళు ఆడించుకుంది. ఇక్కడ జరిగిన నష్టం హైదరాబాద్‌ది. దాన్ని మనం 'ఖౌమ్' నష్టంగా రాసుకుంటే అసలు దోషి హాయిగా తప్పించుకుంటాడు.

మనవాళ్ళు పేర్లు ఎందుకు లెక్కపెడతారో నాకు తెలియక కాదు. 2021 అక్టోబరు 24న దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో పదకొండు మందీ కలిసి ఓడిపోతే, గాలీలు మాత్రం షమీ ఒక్కడికే పడ్డాయి. ఆ రాత్రి మన ఇళ్ళలో టీవీ కట్టేసి, మాట్లాడకుండా పడుకున్న పెద్దవాళ్ళు ఎంతమందో. అదే షమీ 2025 మార్చిలో రమజాన్ రోజుల్లో మ్యాచ్ మధ్య నీళ్ళు తాగితే, ఈసారి మన వైపు నుంచే ఒక మౌలానా లేచి గునాహ్ అన్నారు. వాళ్ళకి అతని వఫాదారీ మీద అనుమానం, వీళ్ళకి అతని దీన్ మీద అనుమానం. పాపం, అతని యార్కర్ గురించి మాట్లాడినవాడే లేడు. గాయపడ్డవాడు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటాడు, అది నాకు అర్థమవుతుంది. కానీ బయటివాడు పెట్టిన తప్పుడు ఇమ్తిహాన్‌కి మనం ఇంట్లో ఇంకో తప్పుడు ఇమ్తిహాన్ పెట్టడం జవాబు కాదు. ఆటగాణ్ణి వాళ్ళు పేరు దగ్గర ఆపేస్తే మనమూ పేరు దగ్గరే ఆపేస్తున్నాం.

నేను ఉర్దూ మీడియం బడిలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. ఉర్దూలో 'అప్నా' అంటాం, తెలుగులో 'మనోడు' అంటాం. రెండూ ఎంత మంచి మాటలో! 'అప్నా'లో మొహల్లా ఉంది, పడోసీ ఉన్నాడు, ఒకే బావి నీళ్ళు తాగినవాడు ఉన్నాడు. అంత పెద్ద మాటని కోసి కోసి పేరుకి సరిపోయేంత చేస్తున్నాం. అనకాపల్లి నుంచి వైజాగ్ వెళ్ళే దారిలోనే గాజువాక. అక్కడి కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో టెస్ట్ సెంచరీ కొట్టాడు. 114 పరుగులు. తొంభై తొమ్మిది మీద అతనుండగా అవతల మూడు బంతులు కాచి, సెంచరీ దాకా నిలబెట్టింది ఎవరు? చివరి బ్యాట్స్‌మన్‌గా వచ్చిన సిరాజ్. గాజువాకవాడికి హైదరాబాద్‌వాడు తోడు. ఆ పొద్దున ఇద్దరిలో 'అప్నా' ఎవరో ఎవరైనా అడిగారా?

ఇప్పుడు అసలు కోపం దగ్గరకి వద్దాం. మన అనకాపల్లి భాషలోనే చెబుతాను.

మన ఊరి పేరు చెబితే దేశంలో ఎవరైనా బెల్లం అంటారు. మార్కెట్ యార్డులో దిమ్మలు పేర్చి వేలం వేస్తారు. వర్తకుడు రంగు చూస్తాడు, గట్టిదనం చూస్తాడు, ధర చెబుతాడు. రైతు ఎవరని అడగడు. అది ఇన్సాఫ్. కానీ ఎక్కడో వండిన బెల్లం తెచ్చి, సంచి మీద 'అనకాపల్లి' అని అచ్చు వేసి అమ్మితే? మనం ఊరుకుంటామా? "నీ సరుకు మంచిదే కావచ్చు బాబూ, మా పేరు మాత్రం తియ్" అంటాం. ఊరి పేరు అమానత్. దాన్ని వాడుకునేవాడు ఆ ఊరికి కొంత బాకీ పడతాడు.

సన్‌రైజర్స్ సంచి మీద 'హైదరాబాద్' అని ఉంది. లోపల సరుకు ఎక్కడిది?

మొదట్లో ఈ లీగ్‌కి ఆ బాకీ గుర్తుంది. 2008లో ఊరి హీరో ఊరి టీమ్‌లోనే ఉండాలని 'ఐకాన్' ఆటగాళ్ళను పెట్టారు. ముంబైకి సచిన్, కోల్‌కతాకి గంగూలీ, బెంగళూరుకి ద్రావిడ్. మన లక్ష్మణ్ ఏం చేశాడో తెలుసా? టీమ్‌లో అందరికంటే పదిహేను శాతం ఎక్కువ జీతం తెచ్చే ఆ హోదాని వదులుకున్నాడు. ఆ డబ్బుతో టీమ్ ఇంకో మంచి ఆటగాణ్ణి కొనుక్కోవాలని. ఊరివాడికి ఊరి మీద ఉండే దర్ద్ అంటే అదీ. మరుసటి ఏడాది, 2009 మే 24న, జొహానెస్‌బర్గ్‌లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో బెంగళూరుని 6 పరుగులతో ఓడించి కప్పు కొట్టాం. ఆ ఫైనల్ ఆడిన పదకొండు మందిలో హైదరాబాద్ సుమన్ ఉన్నాడు, విశాఖ వేణుగోపాలరావు ఉన్నాడు, హైదరాబాద్‌కి రంజీ ఆడిన ప్రజ్ఞాన్ ఓఝా ఉన్నాడు. అమ్మ తరఫున విశాఖవాడైన రోహిత్ శర్మ కూడా ఉన్నాడు. స్థానికులకు చోటిస్తే కప్పు రాదనేవాళ్ళు ఆ స్కోర్‌కార్డు ఒకసారి తీసి చూడాలి.

మరి ఇప్పుడు మన పిల్లలు ఎక్కడున్నారు? హైదరాబాద్ తిలక్ వర్మ ముంబైలో. 2022లో 1.70 కోట్లకు వాళ్ళు పట్టుకున్నారు, ఇప్పుడు అతను ఇండియా స్టార్. గుంటూరు షేక్ రషీద్ చెన్నైకి వెళ్ళాడు. 2022 అండర్-19 ప్రపంచ కప్ సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో 50 చేసిన వైస్ కెప్టెన్. చెన్నై బెంచీ మీద రెండు సీజన్లు సబ్ర్ చేసి, 2025 ఏప్రిల్ 14న లఖ్‌నవూలో తొలి మ్యాచ్ ఆడాడు. 19 బంతుల్లో 27. ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. మన విశాఖ అమ్మాయి షబ్నమ్ 2023లో అండర్-19 ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉంది. పదహారేళ్ళకే మహిళల లీగ్‌లో గుజరాత్‌కి పేస్ బౌలింగ్ వేసింది. కడప శ్రీచరణి 2025లో ప్రపంచ కప్ గెలిచింది, లీగ్‌లో ఢిల్లీకి ఆడింది. ఆ లీగ్‌లో ఐదు టీమ్‌లు మొదలయ్యాయి. రెండు తెలుగు రాష్ట్రాలకు కలిపి ఒక్కటీ లేదు.

ఇన్సాఫ్‌గా ఒక మాట ఒప్పుకోవాలి. నితీశ్‌ని 20 లక్షలకు తెచ్చి పెంచింది సన్‌రైజర్సే. 6 కోట్లు ఇచ్చి నిలబెట్టుకుందీ వాళ్ళే. షుక్రియా. కానీ ఒక్క నితీశ్‌ని చూపించి పదేళ్ళ బాకీ తీరిందంటే కుదరదు. ఆ ఒక్కడూ చెబుతున్నది ఇదే: వెతికితే దొరుకుతారు.

2025 మార్చి 30 గుర్తుందా? ఆదివారం. బయట ఉగాది, మన ఇళ్ళలో ఇరవై తొమ్మిదో రోజా. మధ్యాహ్నం మూడున్నరకి మధురవాడ స్టేడియంలో మ్యాచ్ మొదలైంది. గ్రౌండు మనది, జనం మనవాళ్ళు. హోమ్ టీమ్ ఎవరు? ఢిల్లీ! హైదరాబాద్ అతిథిగా వచ్చి ఏడు వికెట్ల తేడాతో ఓడిపోయి వెళ్ళింది. చాంద్ కోసం మిద్దె ఎక్కిన పిల్లలు "అబ్బా, మనం ఏ టీమ్?" అని అడిగితే ఏం చెప్పాలి? వారం తిరక్కుండానే, ఏప్రిల్ 6న, ఉప్పల్‌లో సిరాజ్ గుజరాత్ జెర్సీ వేసుకుని వచ్చాడు. 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీసి, సొంత ఊళ్ళో సొంత ఊరి పేరునే ఓడించాడు. వికెట్ పడ్డప్పుడల్లా ఉప్పల్‌లో కొందరు చప్పట్లు కొట్టారు, వెంటనే నోరు మూసుకున్నారు. వాళ్ళు ద్రోహులు కాదు భాయ్. ఫ్యాన్ గుండెని లీగ్ రెండుగా చీల్చింది, అంతే.

"క్రికెట్‌లో మెరిటే చూడాలి" అంటారు కొందరు పెద్దమనుషులు. బేషక్. మరి ఒక మ్యాచ్‌లో విదేశీయులు నలుగురికి మించి ఆడకూడదన్న రూలు ఎందుకుంది? మెరిట్ ఒక్కటే అయితే పదకొండు మంది ఆస్ట్రేలియన్లని ఆడించొచ్చుగా! దేశం పిల్లలకు చోటుండాలనే కదా ఆ రూలు. దేశానికి వర్తించే న్యాయం ఊరికి ఎందుకు వర్తించదు? "రూల్స్ మార్చడం కష్టం" అంటారు ఇంకొందరు. ఇంపాక్ట్ ప్లేయర్ అని 2023లో పన్నెండోవాణ్ణి తెచ్చినవాళ్ళకా కష్టం? ఐదేళ్ళు అంతర్జాతీయ క్రికెట్ ఆడనివాణ్ణి అన్‌క్యాప్డ్‌గా లెక్కించే పాత రూలుని 2025 సీజన్‌కి దుమ్ము దులిపి తెచ్చారు. చెన్నై 4 కోట్లకే ధోనీని ఉంచుకుంది. తల్చుకుంటే రూలు ఒక్క మీటింగ్‌లో మారుతుంది. తల్చుకోరు.

స్పెయిన్‌లో బిల్బావో అనే ఊరుంది. అక్కడి అథ్లెటిక్ క్లబ్ వందేళ్ళకు పైగా బాస్క్ ప్రాంతంలో పుట్టినవాళ్ళతో, లేదా అక్కడే ఫుట్‌బాల్ నేర్చుకున్నవాళ్ళతో మాత్రమే ఆడుతోంది. అయినా స్పెయిన్ పెద్ద లీగ్ నుంచి ఒక్కసారీ కిందికి జారలేదు. ఆ టీమ్‌లో ఇప్పుడు పెద్ద పేర్లు ఎవరివి? ఇన్యాకి, నికో విలియమ్స్ అన్నదమ్ములవి. వాళ్ళ అమ్మానాన్నలు ఘానా నుంచి సహారా ఎడారి దాటి వచ్చినవాళ్ళు. ఆ క్లబ్ రంగు చూడలేదు, ఏ నస్ల్ అని అడగలేదు. ఎక్కడ ఆట నేర్చుకున్నావు అని మాత్రమే అడిగింది. నేను అడుగుతున్న 'అప్నా' అదే.

అంత ఖచ్చితంగా ఉండమని మనం అడగడం లేదు. ప్రతి టీమూ తన పేరులో ఉన్న రాష్ట్రం నుంచి కనీసం ఇద్దర్ని జట్టులో పెట్టుకోవాలి. తెలుగు రాష్ట్రాలు రెండింటికీ ఒక్క టీమే కాబట్టి మనకు హైదరాబాద్ నుంచి ఇద్దరు, ఆంధ్ర నుంచి ఇద్దరు. పాతిక మంది జట్టులో నాలుగు కుర్చీలు, అంతే. ఆ కుర్చీలో కూర్చునేవాడు సిరాజ్ కావచ్చు, నితీశ్ కావచ్చు, రేపు మన గల్లీలోంచి వచ్చే పేరు తెలియని బచ్చా కావచ్చు. ఆ రూలు వస్తే మజహబ్ పేరు ఎత్తకుండానే మన పిల్లలకూ తలుపు తెరుచుకుంటుంది. మనం గల్లీల్లో ఉన్నాం, గ్రౌండ్లలో ఉన్నాం, కాబట్టి ఊరికి చోటు దొరికితే మనకూ దొరుకుతుంది. మజహబ్ పేరుతో అడిగితే మాత్రం మన మాట వినేది మనమే. పక్కింటి రెడ్డిగారూ, ఎదురింటి అప్పారావు మావయ్యా మన పక్కన నిలబడి అరవాలంటే, అడిగేది ఊరి హక్ అయ్యుండాలి.

అందుకే, ఈసారి వేలం రోజు దస్తర్‌ఖాన్ మీద "మనోళ్ళు ఎంతమంది?" అని చాచా అడిగితే, అదబ్‌గానే ఒక ఎదురు సవాల్ వేయండి. "చాచా, హైదరాబాద్‌వాళ్ళు ఎంతమంది? ఆంధ్రావాళ్ళు ఎంతమంది?" జవాబు విన్నాక ఆయన కోపం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. పెరగనివ్వండి. ఈసారి అది సరైన చిరునామాకి వెళ్తుంది.

ఖుదా హాఫిజ్.