మన గ్రామసభ మీద పీహెచ్‌డీ ఎవరు చేయాలి?



నేను ఇంటర్ చదివే రోజుల్లో మా గూడేనికి ఒక రీసెర్చ్ స్కాలర్ వచ్చాడు. మంచి మనిషి. రెండు రోజులు ఉన్నాడు, మా ఇంట్లోనే జొన్న రొట్టె తిన్నాడు. మా తాతను వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఒక పొద్దంతా ప్రశ్నలు అడిగాడు. గ్రామసభ ఎప్పుడు జరుగుతుంది, ఎవరు వస్తారు, ఏం మాట్లాడతారు అని. తాత ఓపికగా అన్నీ చెప్పాడు. గ్రామసభను పంచాయతీ ఊళ్లో పెడతారని, అది ఎనిమిది కిలోమీటర్ల దూరమని, ఎక్కువసార్లు అంగడి రోజే పెడతారని, పోయినా మన మాట రాసుకోరని. చివర్లో ఆ స్కాలర్ ఒక కాగితం మీద తాత వేలిముద్ర తీసుకుని వెళ్లిపోయాడు.

తాత బతికున్నంత కాలం నన్ను అడుగుతూనే ఉన్నాడు. "గా పిలగాడు అంత రాసుకపోయిండు గదా. మన రోడ్డు సంగతి పైన చెప్పిండా లేదా?"

డిగ్రీ అయ్యాక ఆ థీసిస్ వెతికి పట్టుకున్నాను. ఇంగ్లీషులో ఉంది. మా గూడెం అందులో ఒక టేబుల్‌లో ఒక వరస. గిరిజనులు గ్రామసభకు తక్కువగా రావడానికి కారణం అనే గడిలో రెండే మాటలు: అవగాహన లోపం.

ఆ రెండు మాటలు చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరికి లోపించింది అవగాహన?

పీసా చట్టం 1996 డిసెంబర్‌లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఊరంటే రెవెన్యూ రికార్డులోని ఊరు కాదు. ఒక ఆవాసం, లేదా కొన్ని ఆవాసాల గుంపు. తన సంప్రదాయం ప్రకారం తన పనులు తాను చూసుకునే గూడేనికి తన గ్రామసభ తనకే ఉండాలి. అంటే మమ్మల్ని ఎనిమిది కిలోమీటర్ల అవతలికి పిలవడమే ఆ చట్టం ఉద్దేశానికి విరుద్ధం. ఈ సంగతి తెలియాల్సింది మా తాతకా, సభ పెట్టే ఆఫీసుకా? ఆ స్కాలర్ తాత జవాబులన్నీ రాసుకున్నాడు, ఆఫీసును మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. అడగాలని ఆయనకు తోచలేదు. అది ఆయన ఒక్కడి తప్పు కాదు. మన మీద జరిగే పరిశోధన చాలావరకు అలాగే నడుస్తోంది. గూడెం వైపే చూస్తుంది, ఆఫీసు వైపు చూడదు.

అందుకే ఈ వ్యాసం. డిగ్రీలు, పీజీలు చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ సూటిగా ఒక మాట చెప్పాలి. మనలో కొందరు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో, పబ్లిక్ పాలసీలో పీహెచ్‌డీ చేయాలి. మన సంస్కృతి మీద, మన పాటల మీద, మన పండుగల మీద థీసిస్‌లు వస్తున్నాయి, రావాలి కూడా. కానీ మనల్ని పాలించే యంత్రం మీద మనం రాయాల్సింది చాలా మిగిలి ఉంది. పంచాయతీ, మండల ఆఫీసు, ఐటీడీఏ, అటవీ శాఖ, సచివాలయం: ఇవి ఎలా పనిచేస్తాయి, ఎక్కడ పని ఆపుతాయి అన్నది మన కళ్లతో చూసి రాయాలి.

ఈ మాట అంటే మన ఉద్యమంలోనే కొందరు నవ్వుతారు. "ధర్నాలతో కానిది థీసిస్‌తో అవుతుందా? లైబ్రరీలో దుమ్ము పడుతుంది అంతే" అంటారు. వాళ్లు ఒకసారి మన చరిత్రనే చూడాలి.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాడు. ఆ పోరాటం తర్వాతే నిజాం ప్రభుత్వానికి భయం పట్టుకుంది. ఆదిలాబాద్ గోండుల పరిస్థితి ఏమిటో చూడమని హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, గోండీ నేర్చుకుని, భూములు ఎలా చేతులు మారాయో, అటవీ సిబ్బంది, పట్వారీలు ఏం చేశారో రాసి ఇచ్చాడు. ఆ తర్వాత పట్టాలు వచ్చాయి, మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది, 1946లో గిరిజన ప్రాంతాల కోసం ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. భీం నెత్తురు లేకుండా ఆ కాగితం పుట్టేది కాదు. ఆ కాగితం లేకుండా పట్టాలూ, నిబంధనలూ అంత తొందరగా వచ్చేవని నేను అనుకోను. పోరాటం తలుపు కొడుతుంది. తలుపు తెరుచుకున్నాక లోపల పెట్టడానికి చేతిలో కాగితం ఉండాలి.

పీసా చట్టం కూడా అలాగే వచ్చింది. దిలీప్ సింగ్ భూరియా భిల్లు బిడ్డ, ఎంపీ. ఆయన అధ్యక్షతన వేసిన కమిటీ 1995లో ఇచ్చిన నివేదికే ఆ చట్టానికి పునాది. వర్జీనియస్ ఖాఖా ఆదివాసీ సమాజం నుంచి వచ్చిన సోషియాలజీ ప్రొఫెసర్. దేశంలోని గిరిజనుల స్థితిగతులపై ఉన్నత స్థాయి కమిటీకి ఆయనే చైర్మన్. 2014లో ఇచ్చిన ఆ నివేదికను ఇవాళ్టికీ మనం మెమోరాండాల్లో వాడుకుంటున్నాం. మనవాళ్లు రాసిన కాగితానికి ఉన్న బలం అది.

ఇక కాగితం కోసం ఇవాళ మన ముందున్న అవసరం చెప్తాను. జీవో నంబర్ 3 మీకు తెలుసు. 2000 జనవరిలో వచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధం అంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను మాత్రం కదిలించలేదు. అది సమానత్వ హక్కు మీద, గవర్నర్ అధికారం మీద ఇచ్చిన తీర్పు. థీసిస్ ఉంటే తీర్పు మారేదని నేను అనను. కానీ ఇప్పుడు మనం కొత్త చట్టం కావాలని అడుగుతున్నాం కదా. అడిగినప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "మీ భాష తెలిసిన టీచర్ ఉంటే ఏం మారింది? చూపించండి." ఇరవై ఏళ్లు ఆ జీవో నడిచింది. ఆ ఇరవై ఏళ్లలో గోండీ, కోలామీ, కువి మాట్లాడే టీచర్ ఉన్న బడిలో ఎంతమంది పిల్లలు నిలిచారు? బయటి టీచర్ ఉన్న బడిలో ఎంతమంది నిలిచారు? టీచర్ ఎన్ని రోజులు వచ్చాడు? ఈ లెక్క బడి రిజిస్టర్లలోనే ఉంటుంది. వాటి ముందు కూర్చుని లెక్క తీసే మనిషి మనలో నుంచి రావాలి. మన దగ్గర ఆవేదన ఉంది. దాని పక్కన లెక్క కూడా ఉండాలి.

"టాపిక్ ఏం తీసుకోవాలి అన్నా?" అని చాలామంది అడుగుతున్నారు. మన చుట్టూ ఉన్నవే చెప్తాను.

ఒకటి, యూసీ. పీసా చట్టం సెక్షన్ 4 క్లాజ్ (ఎఫ్) ప్రకారం పంచాయతీ ఖర్చుపెట్టిన నిధులకు వినియోగ ధ్రువపత్రం ఇవ్వాల్సింది గ్రామసభ. ఒక్క మండలం తీసుకోండి. ఐదేళ్ల బిల్లులు తీయండి. గ్రామసభ ధ్రువపత్రంతో పాసైనవి ఎన్ని, అది లేకుండానే పాసైనవి ఎన్ని? సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. ఇంత చిన్న ప్రశ్న చాలు, ఒక మంచి థీసిస్ అవుతుంది.

రెండు, రోడ్డు. విశాఖ మన్యంలో గర్భిణులను డోలీలో మోసుకొస్తున్న ఫొటోలు చూసి మనం ఏడుస్తాం, షేర్ చేస్తాం. "ఫారెస్ట్ క్లియరెన్స్ లేదు" అని ఆఫీసర్ ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. కానీ అటవీ హక్కుల చట్టం 2006లో సెక్షన్ 3(2) ఉంది. రోడ్డు, బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, తాగునీరు లాంటి 13 రకాల సౌకర్యాలకు, ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. అంటే చాలా చిన్న రోడ్లకు దారి చట్టంలోనే ఉంది. మరి ఆ ఫైల్ ఏ టేబుల్ మీద ఆగింది? ఎన్ని నెలలు? ఎవరి సంతకం కోసం? పది రోడ్ల ఫైళ్ల వెంట నడిచి చూడండి. మా తాత అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

మూడు, గవర్నర్ నివేదిక. ఐదో షెడ్యూల్ మూడో పేరా ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన మీద గవర్నర్ ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలి. ఆ నివేదికల్లో మన గురించి ఏం రాశారు? ఎన్నేళ్లు ఆలస్యంగా వెళ్లాయి? రాసినదాన్ని మన ఊళ్లలో జరిగిన దానితో పోల్చి చూస్తే ఎలా ఉంటుంది?

నాలుగు, రూల్స్. చట్టం 1996లో వస్తే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పీసా రూల్స్ 2011లో వచ్చాయి. పదిహేనేళ్లు! ఆ పదిహేనేళ్లలో ఏ శాఖ ఏ శాఖకు ఏం రాసింది? ఆలస్యం కూడా ఒక నిర్ణయమే మిత్రులారా. దాన్ని ఎవరు తీసుకున్నారో తేల్చే పని పరిశోధకుడిది.

ఐదు, చిన్న పంచాయతీలు. తెలంగాణలో 2018లో ఎన్నో గూడేలు, తండాలు కొత్త పంచాయతీలు అయ్యాయి. "మావ నాటే మావ రాజ్" అని నినదించిన మనకు, మా ఊళ్లో మా రాజ్యం అన్న మనకు, పంచాయతీ బోర్డు వచ్చింది. రాజ్యం వచ్చిందా? సెక్రటరీ ఎంతసేపు ఊళ్లో ఉంటున్నాడు, చెక్కు మీద ఎవరి మాట చెల్లుతోంది?

ఇలాంటి టాపిక్‌తో మా స్నేహితుడొకడు ఒక యూనివర్సిటీలో ఇంటర్వ్యూకు వెళ్లాడు. "నీ ఊరి మీద నువ్వే రాస్తే ఆబ్జెక్టివిటీ ఉండదు కదా" అన్నారట. ఈ ప్రశ్న మీకూ ఎదురవుతుంది, జవాబు సిద్ధం చేసుకోండి. కలెక్టర్ ఉద్యోగం చేసినవాళ్లు జిల్లా పాలన మీద పుస్తకాలు రాస్తే దాన్ని అనుభవం అంటారు. గూడెం పిల్లవాడు రాస్తే పక్షపాతం ఎలా అవుతుంది? భాష తెలిసినవాడికి తాత చెప్పిన మాట సరిగ్గా వినబడుతుంది. విన్నది తప్పైతే ఊరే సరిదిద్దుతుంది.

అయితే ఆ ప్రశ్నలో మనం దాటేయకూడని నిజం కూడా ఒకటుంది. మనం రాసేటప్పుడు మన తప్పులు కూడా రాయగలమా? తెల్ల కాగితం మీద గ్రామసభ సంతకాలు పెట్టించిన సర్పంచ్ మనవాడే కావచ్చు. సభలో ఆడవాళ్లు వెనక గోడకు ఆనుకుని నిలబడితే, "మీకెందుకు" అన్నది మన పెద్దలే కావచ్చు. గోండులు ఎక్కువున్న పంచాయతీలో కోలాం, తోటి కుటుంబాల మాట వినబడకపోవచ్చు. ఉద్యమ నాయకులు, నాతో సహా, మీటింగ్‌లో చెప్పిన లెక్క తప్పు కావచ్చు. ఇది రాస్తే మనవాళ్లే మన మీద కోపానికొస్తారు. అయినా రాయాలి. అది రాయకపోతే మనం రాసేది థీసిస్ కాదు, కరపత్రం. కరపత్రం కూడా కావాలి, కానీ దాన్ని పట్టుకుని కోర్టులో నిలబడలేం.

డబ్బు సంగతి నాకు తెలుసు. ఇంట్లో అమ్మ కూలికి పోతుంటే ఐదేళ్లు చదువుతానని చెప్పడం సులభం కాదు. ఎస్టీ విద్యార్థుల కోసం కేంద్రం ఇచ్చే నేషనల్ ఫెలోషిప్‌లు ఏటా 750 ఉన్నాయి. నెట్‌లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ విడిగా ఒక సబ్జెక్టు. పీహెచ్‌డీ అర్హత మార్కుల్లో మనకు ఐదు శాతం సడలింపు ఉంది. ఫెలోషిప్ డబ్బులు నెలలు నెలలు ఆగుతాయని అక్కలు, అన్నలు చెప్తారు, నిజమే. అది ఎందుకు ఆగుతుందో కూడా ఒక టాపిక్కే!

ఒక్క షరతు. మనం కూడా ఆ స్కాలర్‌లా కాకూడదు. పని మొదలుపెట్టేముందు గూడెంలో కూర్చుని ఏం అడుగుతున్నామో, ఎందుకు అడుగుతున్నామో చెప్పి, ఊరి అనుమతి తీసుకోవాలి. పని అయ్యాక ఆ ఊరికే తిరిగి వెళ్లి, వాళ్ల భాషలో, అదే చెట్టు కింద చదివి వినిపించాలి. ఒక కాపీ ఊళ్లో ఉండాలి. నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు ఒక పెద్ద కంపెనీ గనిని వద్దన్నాయి. ఒక్కో ఊరు కూర్చుని, మాట్లాడి, తీర్మానం రాయించింది. గ్రామసభకు ఆ తూకం ఉంది. మన పరిశోధన కూడా ఆ సభ ముందు నిలబడి జవాబు చెప్పాలి.

ఈ ఏడాది నేను పీహెచ్‌డీకి అప్లై చేస్తున్నాను. టాపిక్: మా మండలంలో గ్రామసభ తీర్మానాలు ఆఫీసుకు చేరాక వాటికి ఏమవుతుంది. సీటు వస్తుందో రాదో తెలియదు. రాకపోయినా తీర్మానాల పుస్తకాలు చదవడం మాత్రం మొదలుపెట్టాను. మీరూ ఈ వారం ఒక పని చేయండి. మీ పంచాయతీకి వెళ్లి గ్రామసభ మినిట్స్ బుక్కు చూపించమని అడగండి. చూపిస్తే కిందటేడాది తీర్మానాలు, వాటి కింద ఉన్న సంతకాలు చదవండి. ఆ సంతకం పెట్టినవాళ్లను కలిసి, ఆ రోజు సభ జరిగిందా అని అడగండి. చూపించకపోతే ఎందుకు చూపించలేదో తేదీ వేసి రాసి పెట్టుకోండి.

పరిశోధన అక్కడే మొదలైనట్టు. "అవగాహన లోపం" అన్న గడిలో ఈసారి ఎవరి పేరు రాయాలో మనమే తేలుద్దాం.

జై ఆదివాసీ!