కాపీ కొట్టి కానిచ్చేస్తున్నారా?

ఫైనలియర్ ప్రాజెక్టు పీహెచ్‌పీలో చేస్తున్నారా? అయితే ఈ చిక్కు మీకూ ఎదురుకావచ్చు. మీ ల్యాప్‌టాప్‌లోనే ఉన్న ‘బిల్లింగ్’ ప్యాకేజీని కంపోజర్‌తో ప్రాజెక్టుకు కలిపారు. దానికి మీరే రాసుకున్న ‘ట్యాక్స్’ ప్యాకేజీ కావాలి. అది ఏ ఫోల్డర్‌లో ఉందో బిల్లింగ్ కంపోజర్ ఫైలులో రాసే ఉంది. అయినా ఇన్‌స్టాల్ కొడితే ట్యాక్స్ దొరకలేదంటూ ఎర్రర్!

చాలామంది ఇక్కడే ట్యాక్స్ ఫోల్డర్‌ను తీసుకెళ్లి వెండర్‌లో పడేస్తారు. డెమో గండం గట్టెక్కుతుంది. టీమ్‌లో ఇంకొకరి సిస్టమ్‌లో మాత్రం ప్రాజెక్టు నడవదు.

నిజానికి కంపోజర్ తప్పేం లేదు. ‘రిపాజిటరీస్’ వివరాలను అది ప్రధాన ప్రాజెక్టు ఫైలులోనే చూస్తుంది, లోపలి ప్యాకేజీల్లో రాసినవి పట్టించుకోదు. ఒక్కో ప్యాకేజీ తన దారి తానే చెప్పుకుంటూ పోతే, ఏ కోడ్ ఎక్కడి నుంచి వస్తోందో మీ చేతిలో ఉండదు మరి. కాబట్టి రెండు ఫోల్డర్ల దారులూ ప్రధాన ఫైలులోనే ‘పాత్’ రకంగా రాయండి. ట్యాక్స్ కావాలన్న ‘రిక్వైర్’ లైను బిల్లింగ్‌లోనే ఉండనివ్వండి. అప్పటికీ మొరాయిస్తే ‘మినిమమ్ స్టెబిలిటీ’ చూడండి, అదీ ప్రధాన ఫైలు మాటే వింటుంది.

రెజ్యూమెలో ‘కంపోజర్ వచ్చు’ అని రాసినవాళ్లను నేనైతే ఇదే అడుగుతాను. అర్ధరాత్రి ఫోల్డర్ కాపీ చేసినవాళ్లలో నేనూ ఒకణ్నే లెండి.